కుట్టుపెట్టె, కాగితపు కత్తిరింపు, ఆది రవిక : విక్టోరియా కాలపు స్త్రీవస్త్రనిర్మాణము - తెలుగునాట దాని జాడలు

1. ప్రస్తావన

పదమును బట్టి వస్తువు చరిత్రను నిర్ణయించుట మన పరిశోధకులకు చిరకాలముగ నున్న అలవాటు. ఈ అలవాటు పెక్కుచోట్ల మేలు చేసినది. కొన్నిచోట్ల తప్పుదారి పట్టించినది. తెలుగు స్త్రీ ధరించు జాకెట్టు విషయమున మేమును అట్టి తప్పుదారిని కొంతకాలము నడచితిమి. ‘జాకెట్టు’ ఆంగ్లపదము, ‘బాడీ’ ఆంగ్లపదము, ‘గౌను’ ఆంగ్లపదము. కావున కుట్టిన పైవస్త్రమును తెలుగు స్త్రీకి నేర్పినవారు విక్టోరియా రాణి కాలపు ఆంగ్లస్త్రీలే యని తరగతిలో విద్యార్థులకు చెప్పుచు వచ్చితిమి. ఆ మాట సగమే నిజమని మాకు తెలియవచ్చినది గ్రంథాలయమున కాదు, ఆటోనగరులో.

విశాఖపట్టణమున గాజువాకకు చేరువనున్న ఆటోనగరు లారీలకును, కార్లకును మరమ్మతులు చేయు పాకలతో నిండిన ప్రదేశము. అచట స్త్రీవస్త్రచరిత్రకు సాక్ష్యము దొరకునని ఎవరు తలంతురు? మా వాహనపు ఆసనములకు తొడుగులు కుట్టించుకొనుటకై ఒకనాడు అచటికి పోయి యుంటిమి. తొడుగులు కుట్టు పెద్దమనిషి గోడకు కొట్టిన మేకునుండి అట్టముక్కల కట్ట నొకదానిని దింపి, అందు మా వాహనపు జాతికి తగిన వానిని ఏరి, తోలుగుడ్డపై పరచి, సుద్దతో చుట్టును గీత గీసి కత్తిరింప నారంభించెను. ఆయన పూర్వము పాతనగరమున ఆడవారి జాకెట్లు కుట్టినవాడట. “జాకెట్టుకైతే ఆది తెస్తారు బాబూ. బండికి ఆది ఎవరు తెస్తారు? పాత తొడుగు కుట్లు విప్పి, ముక్క ముక్కా అట్ట మీద గీసి దాచుకుంటాం” అని చెప్పెను. యూరపులో కాగితపు కత్తిరింపు వ్యాప్తిలోనికి రాకపూర్వము అచటి కుట్టుపనివారు చేసిన పనియు సరిగా ఇదియే. ఆ మాటతో, ఆది కొక చరిత్రయు, అట్ట కొక చరిత్రయు వేరువేరుగ కలవనియు, జాకెట్టు ఆ రెండును కలిసిన చోట పుట్టిన వస్తువనియు మాకు తోచినది.

కుట్టుపనివారు నేడు ‘పేపరు కటింగు’ అని వ్యవహరించు దానిని ఈ వ్యాసమున ‘కాగితపు కత్తిరింపు’ అందుము. కొలతకై కుట్టువాని కిచ్చు పాత వస్త్రము ‘ఆది’ యని తెలుగువారందరికిని తెలిసినదే.

2. విక్టోరియా కాలపు ఉడుపు

విక్టోరియా రాణి 1837 జూనునుండి 1901 జనవరి వరకు ఇంగ్లండును పాలించినది. ఈ అరువదినాలుగేండ్లలో ఆంగ్లస్త్రీల వేషము ఒకే తీరున నుండలేదు. ‘విక్టోరియా కాలపు గౌను’ అని ఏకవచనమున చెప్పుటయే మొదటి పొరపాటు. 1830ల నడుమ చేతులు బుట్టలవలె ఉబ్బి యుండెడివి. ఆ ఉబ్బు నిలుచుటకై లోపల ఈకలు కూరిన మెత్తలు పెట్టుకొనెడివారు. రాణి సింహాసనమెక్కిన కాలమునకు ఆ ఉబ్బు తగ్గి, భుజపు కుట్టు క్రిందికి జారి, చేయి సన్నబడినది. 1850లలో లంగా వెడల్పు పెరిగినది. దానిని నిలుపుటకు లోపల పెక్కు లంగాలు తొడుగవలసి వచ్చుచుండగా, 1856లో ఉక్కుతీగల పంజరము వాడుకకు వచ్చి ఆ బరువును తగ్గించినది. 1860ల చివరకు ముందువైపు చదునై, వెడల్పంతయు వెనుకకు చేరినది. 1870లలోను, మరల 1880లలోను నడుము వెనుక మెత్తయో, తీగకట్టో పెట్టి కుచ్చెళ్ళను ఎత్తి నిలిపిరి. 1890ల నడుమ బుట్టచేతులు తిరిగి వచ్చినవి.

ఈ మార్పులన్నిటి నడుమ మారని సూత్ర మొకటి కలదు. లంగా వస్త్రపు రాశి. పైభాగము కత్తిరింపు నేర్పు. నడుమునకు పైనుండు భాగము దేహమునకు అంటుకొని యుండుటకు ముందువైపు ప్రతిప్రక్క రెండేసి మడతకుట్లు వేసెడివారు. మన టైలర్లు ‘డాట్లు’ అను వివి ఇవే. ప్రక్కలకు వేరు ముక్కలు, వీపునకు వంపుగా కోసిన సన్నని ముక్కలు, ప్రతి ముక్కకును అస్తరు, కుట్ల వెంబడి తిమింగిలపు దవడబద్దలో ఉక్కుబద్దలో అమర్చుట - ఇది ఆ పైభాగపు నిర్మాణము. లోపల బిగుతైన నడికట్టు తొడిగిన దేహమునకే ఈ వస్త్రము సరిపడును. అనగా దేహమునకు తగినట్లు వస్త్రమును కుట్టుటకు ముందు, వస్త్రమునకు తగినట్లు దేహమును తీర్చుట జరిగెడిది. ఈ బంధమును ఆ దేశపు స్త్రీలే నిరసించిరి. 1881లో లండనులో సుకరమైన ఉడుపుకొరకు ఒక సంఘము ఏర్పడినది.

ఆ ఉడుపుల వెనుక నున్న శ్రమనుగూడ మరువరాదు. దీపపు వెలుతురున రాత్రింబవళ్ళు కుట్టి అర్ధాకలితో నుండిన లండను కుట్టుపనికత్తెలనుగూర్చి థామస్ హుడ్ 1843లో వ్రాసిన పద్యము ఆ దేశమును కలచివేసినది. అందమైన వస్త్రమును వర్ణించు చరిత్రకారుడు దానిని కుట్టిన చేతిని విడిచినచో చరిత్ర సగమే వ్రాసినవాడగును.

3. కాగితపు కత్తిరింపు పుట్టుక

వస్త్రపు ముక్కలను బొమ్మగీసి చూపు గ్రంథములు యూరపున ప్రాచీనములే. స్పెయిను దేశపు హువాన్ దె అల్సెగా 1580లోనే అట్టి గ్రంథమును ప్రకటించెను. కాని అవి వృత్తివారికొరకు వ్రాసినవి. గుడ్డ వృథా కాకుండ ముక్కల నెట్లు పరువవలెనో చూపుట వాని ముఖ్యోద్దేశము. ఇంటి స్త్రీలు కుట్టుకొనుటకు తోడ్పడు గ్రంథములలో 1838లో లండనులో వెలువడిన ‘ది వర్క్‌వుమన్స్ గైడ్’ పేర్కొనదగినది. ఇందలి కొలతలు గజములో పదునారవ పాలైన ‘నెయిల్’ లెక్కన నున్నవి. మన దేశమునను గజములో పదునారవ పాలునకు ‘గిరహా’ అను పేరుండుట గమనింపదగినది. రెండుచోట్లను గజమును సగములు సగములుగ మడచి కొలుచుటనుండియే ఈ లెక్క పుట్టి యుండవలెను. అంగుళముల గీతలుగల టేపు లేనిచోట మడతయే కొలబద్ద.

టేపు యూరపున వాడుకకు వచ్చినది 19వ శతాబ్ది తొలిదశలలో. అంతకుముందు కుట్టుపనివారు కాగితపు చీలికపై గంటు పెట్టి ఒక్కొక్కరి కొలతను గుర్తించెడివారు. స్త్రీల ఉడుపులు కుట్టువారు పెక్కురు పాత గౌనును విప్పి, దాని ముక్కలనుబట్టి క్రొత్తదానిని కోసెడివారు. లేక చవుక గుడ్డను దేహముపై పరచి గుండుసూదులతో బిగించి, దానిని విప్పి ఆధారముగ గొనెడివారు. ‘ఆది’ పద్ధతి మనదేశపు వెనుకబాటునకు గుర్తని తలచువారికి ఈ సంగతి తెలిసి యుండవలెను.

1852లో ఆరంభమైన ‘ఇంగ్లిష్‌వుమన్స్ డొమెస్టిక్ మ్యాగజైన్’ వంటి పత్రికలు కత్తిరింపు పటములను పాఠకురాండ్రకు అందించినవి. ఆ కాలపు పటములలో ఒకే కాగితముపై పెక్కు వస్త్రముల ముక్కలు ఒకదానిపై నొకటిగ గీయబడి, చుక్కలగీత యొకటి, తెగుగీత యొకటి, నిండుగీత యొకటిగ వేరుపరుపబడుట కలదు. కావలసిన గీతను చక్రముతో నొక్కి వేరొక కాగితముపైకి ఎత్తుకొనవలెను. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ 1863లో వేరువేరు కొలతలకు తగినట్లు కోసిన పలుచని కాగితపు ముక్కలను అమ్మ నారంభించెను. మొదట పురుషులకు, బాలురకు, 1866నుండి స్త్రీలకు. ఆ ముక్కలపై అచ్చుగీతలు లేవు. చిల్లులును, గంట్లును మాత్రమే గుర్తులు.

ఇంతలో కుట్టుమిషను వచ్చినది. ఫ్రాన్సులో తిమోనియే 1830లోను, అమెరికాలో ఎలియాస్ హౌ 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను తమ తమ యంత్రములకు హక్కులు పొందిరి. చేతికుట్టు కాలమున నేర్పంతయు కుట్టులో నుండెను. యంత్రము వచ్చిన పిదప నేర్పు కత్తిరింపునకు మారినది. కుట్టు ఎవరైన వేయవచ్చును. ముక్క సరిగా కోయనిచో యంత్రము తప్పునే త్వరగా కుట్టును. కాగితపు కత్తిరింపు, కుట్టుమిషను ఒకే కాలమున వ్యాపించుటకు ఇదియే కారణము.

4. విశాఖపట్టణపు కుట్టుపెట్టె

ఈ కథలో విశాఖపట్టణమునకు చోటెక్కడ? మొదటి చోటు కుట్టుపెట్టెలో.

18వ శతాబ్దినుండి విశాఖపట్టణపు కంసాలులు దంతపు పనికి ప్రసిద్ధులు. తొలుత నల్లకొయ్యలోను, చందనజాతి కొయ్యలలోను దంతమును పొదిగిరి. పిదప కొయ్యపై దంతపు రేకును కప్పి, దానిపై సన్నని చెక్కడము చేసి, ఆ గీతలలో నల్లని లక్కను నింపిరి. కొమ్ము, తాబేటిచిప్ప, ఏదుపందిముళ్ళుకూడ వాడిరి. ‘వైజాగపటం’ పని యని నేటికిని ప్రపంచపు పురావస్తుశాలలలో వ్యవహరింపబడు ఈ వస్తువులలో స్త్రీల కుట్టుపెట్టెలు ముఖ్యములు. కొన్ని ఆంగ్లదేశపు ఇంటి ఆకారమున నుండును. పైకప్పు ఎత్తినచో మూత. లోపల పళ్ళెము, అందు చిన్న చిన్న గదులు. దారపు కండెలకు, సూదులకు, అంగుస్తానునకు, కొలత పట్టీకి వేరువేరు చోట్లు.

ఈ పెట్టె యొక్క వింత యిది. దీనిని చేసినవాడు తెలుగు పనివాడు. దానిపై చెక్కిన భవనములు అతడు చూడనివి. ఆంగ్ల చిత్రపటములను చూచి చెక్కినవి. లోపలి గదుల కొలతలు పరదేశపు కుట్టు సామగ్రికి తగినవి. కుట్టని వస్తువైనను ఇదియు ఒక అచ్చునుబట్టి చేసిన వస్తువే. ఒకరి జీవితపద్ధతి మరియొకరి చేతికి అచ్చుద్వారా చేరుట యన నేమో ఈ పెట్టెలో చూడవచ్చును. దంతపు వర్తకము నేడు మన దేశమున నిషిద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని తరువాతి సవరణలును ఆ పనికి తెర దించినవి. అది సమంజసమే. కాని ఆ నేర్పు మన ఊరిదని మన విద్యార్థులకు తెలియకపోవుట సమంజసము కాదు.

పెట్టె విశాఖనుండి పోవుచుండగా వస్త్రపు దారి మారినది. ఈ జిల్లాలును, గోదావరి మండలమును ‘పుంజము’ గుడ్డలకు పేరుపొందినవి. పుంజమనగా నూటయిరువది పడుగుపోగులు. పుంజములు హెచ్చినకొలది గుడ్డ సన్నన. 1833 శాసనముతో ఈస్టిండియా కంపెనీ వర్తకమును విడిచిన పిదప ఆ నేతకు పెద్ద కొనుగోలుదారు లేకుండ పోయెను. లాంకషైరు మిల్లుగుడ్డ దిగుమతి హెచ్చెను. విక్టోరియా కాలపు గౌనుకు పట్టిన గజముల కొలది గుడ్డను, అందు వంపులుగా కోసి పారవేయు ముక్కలను తలచినప్పుడు, ఆ దుబారా వెనుక చవుకైన యంత్రపు నేతయున్నదని గుర్తింపవలెను. చేతినేతవాడు తన గుడ్డను అట్లు కోయుట చూచి ఓర్వలేడు.

5. బడి, ప్రార్థనాలయము, లేసు

కుట్టుపని తెలుగు స్త్రీలకు చేరిన రెండవ త్రోవ బడి. లండను మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లోనే విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి బైబిలు అనువాదమునకు పూనుకొనిరి. మన గద్యచరిత్రకారులు వీరి నెరుగుదురు. 1846లో ఫ్రాన్సిసు సేల్సు సంఘపు కేథలిక్కు గురువులు ఇచటికి వచ్చిరి. 1849లో ఆనెసీ సెంట్ జోసెఫ్ సంఘపు సోదరీమణులు ఈ తీరమున అడుగిడిరి. ఆ కాలమున బాలికావిద్య యన్నచో చదువును, కుట్టును జంటలు. ఇంగ్లండులోనే 1862 నాటి సవరించిన విద్యానిబంధనలు ప్రభుత్వధనము పొందు బడులలో బాలికలకు కుట్టుపనిని తప్పనిసరి చేసినవి. ఆ భావమే మిషను బడులతో మన దేశమునకును వచ్చినది. రాజమహేంద్రవరమున జడ్జి భార్యగ నివసించి, తన లేఖలను 1843లో ప్రకటించిన జూలియా మేట్లండు రచన, విక్టోరియా పాలనారంభమున తెలుగునాట ఆంగ్లస్త్రీ గృహజీవనము ఎట్టిదో ఎరుగుటకు మంచి ఆధారము.

కుట్టుకన్న గట్టిగా నిలిచిన విద్య లేసు అల్లిక. గోదావరి డెల్టాలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు మతప్రచారకుల కుటుంబస్త్రీలు 19వ శతాబ్దిలో నేర్పిన కొక్కెపు అల్లిక నేటికిని సజీవము. ఇంగ్లండులో మెడపట్టీలకును, చేతి అంచులకును, బల్లగుడ్డలకును వాడిన అలంకారము తెలుగు పల్లె అరుగుపై తయారగుటకు మొదలిడినది. 1982లో మరియా మీస్ ఈ లేసు స్త్రీలనుగూర్చి ప్రకటించిన గ్రంథము, ఇంటిపని చాటున ఆ శ్రమ ఎట్లు లెక్కకు రాక పోవుచున్నదో, కూలి ఎంత స్వల్పమో లోకమునకు చాటినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. లండను కుట్టుపనికత్తె కథయు, నరసాపురపు అల్లికకత్తె కథయు ఒకే దారపు రెండు కొసలు.

లేసు అల్లికలో బోధనాపద్ధతి మాకు ముఖ్యము. ఆంగ్లస్త్రీ అచ్చుపుస్తకమునందలి అల్లికసూత్రములను చదివి అల్లెడిది. తెలుగు స్త్రీ పూర్వము అల్లిన ముక్కను ఎదుట పెట్టుకొని, కన్నులు లెక్కించి అల్లును. ఇచటను కాగితపు సూత్రమునకు బదులు ఆదియే గురువు.

6. పదసాక్ష్యము

ఇక పదములు. కుట్టిన పైవస్త్రమునకు మన భాషలో ప్రాచీనపదములు లేకపోలేదు. కంచుకము, చోళము, కూర్పాసము సంస్కృతమున నున్నవి. అమరకోశము చోళకూర్పాసములను కలిపి చెప్పినది. కూర్పాసమునుండి కుప్పసము పుట్టినది. రవిక తెలుగువారి ఇంటిమాట. కావున కుట్టిన వస్త్రమే ఆంగ్లేయుల దానమనుట చెల్లదు.

కుట్టువానిని తెలుపు పదములును పొరలు పొరలుగ నున్నవి. చిప్పోలు, మేర అనునవి దేశీయ వృత్తినామములు, కుట్టు అను అర్థముగల పారసీక పదమునుండి దర్జీ, ఆంగ్లమునుండి టైలరు. పనిముట్లనుగూర్చిన మాటలు ఇంకను చిత్రములు. కత్తెర, సూది సంస్కృత తద్భవములు. అస్తరు, అంగుస్తాను పారసీకములు. బొత్తాము పోర్చుగీసు, ఆ బొత్తాము దూర్చు కాజాయును పోర్చుగీసుల ‘కాసా’యే, అనగా ఇల్లు. బొత్తామునకు ఇల్లు! హుక్సు, డాట్లు, టేపు, లైనింగు ఆంగ్లములు. ఒక్క రవికను కుట్టుచున్నప్పుడు టైలరు నోట నాలుగు శతాబ్దుల సముద్రవర్తకము పలుకుచున్నది.

ఈ పొరలను పరికించినచో ఒక క్రమము తోచును. వస్త్రపు పేరు, కోయు సాధనము, కుట్టు క్రియ - ఇవి మనవి. లోపలి గుడ్డ, వ్రేలికి రక్ష - ఇవి తురుష్క కాలపు దర్జీతో వచ్చినవి. బిగించు సాధనము, అనగా బొత్తాము, కాజా, హుక్కు - ఇవి యూరపువి. దేహపు వంపునకు గుడ్డను తీర్చు మడత, అనగా డాటు, ఆంగ్లము. కనుక ప్రశ్న ‘రవిక ఎవరిది?’ అనుట కాదు. ‘రవికలో ఏ భాగము ఎప్పుడు వచ్చినది?’ అనుట.

అర్థములు మారిన తీరును చూడవలెను. ఆంగ్లమున ‘జాకెట్’ పైపై తొడుగు వస్త్రము. తెలుగున అది చీరక్రింది రవిక. ‘బాడీ’ లోపలి రవిక. ఆంగ్లమున ‘బాడిస్’ అను పదమే ‘బాడీ’ యొక్క బహువచనరూపమునుండి ఏర్పడినది. అచట బహువచనమైన మాట ఇచట ఏకవచనమై స్థిరపడినది. ‘గౌను’ పెద్దస్త్రీల మహావస్త్రమై యుండగా తెలుగున చిన్నపిల్లల ఉడుపైనది. అధికారపు భాషనుండి దిగిన పదము తెలుగింటిలో తన స్థానమును తానే వెదకికొన్నది. ‘బుట్టచేతులు’ అను మాట మాత్రము అచ్చముగ మనది. పరదేశపు తీరును చూచి మన స్త్రీలు తమ కనులయెదుట నున్న బుట్టతో పోల్చి పెట్టిన పేరు. ఇది పెట్టినవా రెవరో కాని మంచి నిఘంటుకర్తలు.

7. బొంత చెప్పిన సాక్ష్యము

పదములకన్న బలవత్తరమైన సాక్ష్యము వస్తువు. కాని సామాన్యస్త్రీ రవికను దాచిన వారెవరు? పట్టుచీరలు పెట్టెలలో నుండును. రవిక చిరిగిన పిదప మసిగుడ్డయగును, లేక బొంతలో అతుకగును. ఆటోనగరునుండి వచ్చిన పిదప మా యింటనున్న పాతబొంతను విప్పి చూచితిమి. మా నాయనమ్మగారు కుట్టినది. అందు ఆమె రవికల ముక్కలు నాలుగైదు, కుట్లు సరిగా విప్పక అట్లే పరచినవి, దొరికినవి. ఇల్లాలు ఉపేక్షించిన గుడ్డను భద్రపరచిన భాండాగారము బొంతయే.

ఆ ముక్కలు ముడిరవికవి. అనగా ముందువైపు కొసలను ముడివేయు రవిక. చేయి దాదాపు చదరపు ముక్క. చంక క్రింద నాలుగంచుల చిన్న అతుకు. చేయి ఎత్తినపుడు చిరుగకుండుటకు. వీపు ఒకే ముక్క. వంపుగా కోసిన గీత మెడవద్ద తప్ప మరెచ్చటను లేదు. డాటు లేదు. వస్త్రము దేహమునకు అమరుట కత్తెరవలన కాదు; ముడివలన. దేహము పెరిగినను తగ్గినను ముడి సర్దుకొనును. గర్భిణికిని, బాలెంతకును అదే రవిక. గుడ్డ రవ్వంతయు వృథా కాదు.

దీని ప్రక్కన మా తల్లిగారి జాకెట్టు నొకదానిని పరచి చూచితిమి. భుజపు కుట్టు, గుండ్రని చంక, ప్రతిప్రక్క డాట్లు, ముందుపట్టీ, హుక్సు. విక్టోరియా కాలపు పైభాగముతో పోల్చిన కత్తిరింపుసూత్రము ఒక్కటియే. గుడ్డను మడచి వంపును తెచ్చుట. కాని తీసివేసినవి చూడుడు: బద్దలు లేవు, నడికట్టు లేదు, ఎత్తయిన మెడపట్టీ లేదు, నడుము క్రిందికి సాగలేదు. ఆంగ్లస్త్రీ ఉడుపులో బిగుతు అంతయు నడుమునందు. తెలుగు జాకెట్టు నడుమును ముట్టనే ముట్టదు. పైట దానిపై పడును, కుచ్చెళ్ళు క్రింద నిలుచును. అనగా ఒక సంపూర్ణవేషమునుండి ఒక సూత్రమును మాత్రము గ్రహించి, తక్కినదానిని విడిచి, తన కట్టులో ఇముడ్చుకొన్నది తెలుగు స్త్రీ. దీనిని అనుకరణ మనరాదు; ఎంపిక యనవలెను.

అట్లని ఈ యెంపిక పూర్తిగా స్వేచ్ఛతో జరిగినదనియు అనరాదు. 19వ శతాబ్దిలో స్త్రీదేహమును కప్పుటనుగూర్చిన ఆంగ్ల మర్యాదాభావము మన సంస్కర్తలను, ఉద్యోగికుటుంబములను తాకినది. వంగదేశమున జ్ఞానదానందినీ దేవి 1860లలో బొంబాయినుండి తెచ్చిన చీరకట్టు, దానితో కుట్టిన జాకెట్టు, లోలంగా బ్రాహ్మసమాజ కుటుంబములలో వ్యాపించినవి. తిరువాన్కూరులో రవిక తొడుగు హక్కునకై నాడారు స్త్రీలు దశాబ్దములు పోరాడి 1859లో రాజశాసనమును సాధించిరి. అందుచేత ఒకచోట రవిక మర్యాద పేర వచ్చిన కట్టడి. వేరొకచోట పోరాడి గెలిచిన గౌరవము. తెలుగునాట రవిక చరిత్రను వ్రాయువారు ఏ కులపు, ఏ తరపు, ఏ మండలపు స్త్రీనిగూర్చి వ్రాయుచున్నారో ముందు చెప్పి పిదప వ్రాయవలెను. మా బొంత ఒక్క కుటుంబపు సాక్ష్యము మాత్రమే యని మేమెరుగుదుము.

8. ఉపసంహారము

పై చర్చవలన తేలిన అంశములను ఇట్లు సంగ్రహింపవచ్చును.

ఒకటి: కుట్టిన పైవస్త్రము తెలుగునాట ప్రాచీనము, డాట్లు, హుక్సు గల జాకెట్టు మాత్రము విక్టోరియా కాలపు కత్తిరింపుసూత్రముతో మన రవిక కలిసి యేర్పడిన రూపము. రెండు: ఆ సూత్రము పుస్తకరూపమునకన్న, కాగితరూపమునకన్న, ఎక్కువగ వస్తురూపమున, అనగా ఆదిద్వారా, చేతినుండి చేతికి వ్యాపించినది. మూడు: ఆది పద్ధతి యూరపునకు తెలియనిది కాదు, కాగితము వచ్చిన పిదప వారు విడిచినది, మనము నేటికిని విడువనిది. నాలుగు: పదసాక్ష్యము వస్తువు పుట్టుకను చెప్పలేదు, వస్తువులోని ఏ భాగము ఏ సంపర్కమున చేరినదో మాత్రము చెప్పగలదు.

ఇంగ్లండులో జానెట్ ఆర్నాల్డ్ పురావస్తుశాలలందలి పాత ఉడుపులను ముక్కముక్కగ కొలిచి, కత్తిరింపు పటములుగ గీసి 1964, 1966 సంవత్సరములలో రెండు సంపుటములు ప్రకటించినది. వాని సహాయమున ఎవరైనను నేడు ఆ వస్త్రములను తిరిగి కుట్టవచ్చును. కుట్టి చూచినగాని భుజపు కుట్టు జారుటవలన చేయి ఎంతవరకు ఎత్తగలదో, ఆ స్త్రీ ఏ పని చేయగలిగెనో, ఏ పని చేయజాలదో తెలియదు. కుట్టుట అచట పరిశోధనాపద్ధతియైనది. మనకట్టి సంపుట మొక్కటియు లేకున్న, ముడిరవిక ఎట్లు కోయబడెనో రాబోవు తరము ఊహింపవలసియే యుండును.

ఈ పనికి పెద్ద ధనము అక్కరలేదు. ప్రతి పరిశోధకవిద్యార్థియు తన యింట మిగిలిన పాతరవిక నొకదానిని గైకొని, విప్పకయే టేపుతో కొలిచి, గడికాగితముపై గీసి, అది ఎవరిదో, ఏ ఊరిదో, ఎవరు కుట్టిరో వ్రాసిన చాలును. అందలి మాటలను - చంకముక్క, పట్టీ, బొందు, అతుకు - ఇంటి పెద్దలు పలికినట్లే వ్రాసికొనవలెను. 1902లో ఆరంభమైన ‘హిందూసుందరి’, 1928లో ఆరంభమైన ‘గృహలక్ష్మి’ వంటి స్త్రీల పత్రికల సంచికలను ఈ దృష్టితో మరల తిరుగవేయవలెను. ఈ నగరమునకు అనతిదూరమున అచ్యుతాపురపు దుస్తుల పరిశ్రమలలో వేలకొలది స్త్రీలు నేడు పరదేశములకు ఉడుపులు కుట్టుచున్నారు. వారి ముందున్న ముక్కలు యంత్రము గీసిన పటముల ననుసరించి కోసినవి. ఎవరి దేహమునకో ఆమె కెరుకలేదు. విశాఖ పనివాడు చూడని భవనమును దంతముపై చెక్కిననాటి స్థితియే ఇది.

ఆటోనగరులోని పెద్దమనిషి మా వాహనపు తొడుగులు కుట్టి ఇచ్చినప్పుడు ఆ అట్టముక్కలను మరల కట్టకట్టి మేకునకు తగిలించెను. వానిపై వాహనముల పేర్లు పెన్సిలుతో వ్రాసి యున్నవి. తాను పూర్వము కుట్టిన జాకెట్ల కొలతలు దాచితిరా యని అడిగితిమి. “ఆది వాళ్ళింటికే పోతుంది కదా బాబూ” అనెను. ఆది వెళ్ళిన ఆ యిండ్లకు ఇప్పుడు మన విద్యార్థులు పోవలసియున్నది.